నాలుగు ప్లాట్ల సగటు: చిన్న నమూనాల్లో కొలత అనిశ్చితి

కొలత అంటే ఒక్క అంకె కాదు, రెండు. ఒకటి కొలవగా వచ్చిన విలువ. రెండోది ఆ విలువను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే అనిశ్చితి. కొలతలు వందల్లో ఉంటే రెండో అంకె రాబట్టడం కష్టం కాదు. అవి సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చూస్తే సరిపోతుంది. చేతిలో మూడో నాలుగో కొలతలే ఉన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. అప్పుడు సగటు ఒక్కటే కాదు, చెదురు కూడా అనుమానాస్పదమే. ఒక నీటి నమూనాను మూడుసార్లు పరీక్షించే ప్రయోగశాలకూ, ఒక లోహపు కడ్డీ బలాన్ని నాలుగు ముక్కలతో తేల్చే కర్మాగారానికీ ఈ చిక్కు రోజూ ఎదురయ్యేదే. అయితే తెలుగు నేల మీద దీనివల్ల ఎక్కువమంది లాభనష్టాలు తేలే చోటు వరి పొలం. పంటల బీమాలో ఒక గ్రామం దిగుబడిని కొన్ని చదరపు మీటర్ల కోతతో నిర్ణయిస్తారు. చిన్న నమూనా గణితం మొత్తాన్నీ పరీక్షకు పెట్టే సందర్భం అది.

ఉదాహరణకు సిద్దిపేట జిల్లా అక్కన్నపేటను తీసుకుందాం. 2016 అక్టోబరు జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అది కొత్త మండలమైంది. అంతకుముందు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ మండలంలో ఉండేది. మెట్ట ప్రాంతం, వానల మీద, చెరువుల మీద, బావులు బోర్ల మీద ఆధారపడిన సేద్యం. గౌరవెల్లి జలాశయం ఈ మండలంలోదే. ఇలాంటి చోట ఒకే ఊళ్లో చెరువు కింది పొలానికీ, బోరు ఎండిపోతున్న చెలకకూ దిగుబడిలో పెద్ద తేడా ఉండటం సహజం. 2016 వానాకాలంలో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల ప్రకారం, గ్రామమే బీమా యూనిట్ అయిన ప్రధాన పంటకు కనీసం 4 పంటకోత ప్రయోగాలు చేయాలి. మండలం యూనిట్ అయితే 10. తెలంగాణ 2020 వానాకాలం నుంచి ఆ పథకాన్ని ఆపేసింది గానీ దిగుబడి అంచనాకు పంటకోత ప్రయోగాలు బీమాకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. వరికి పద్ధతి ఇది: యాదృచ్ఛిక సంఖ్యలతో పొలాన్నీ, పొలంలో చోటునూ ఎంచుకుంటారు, గూటాలు పాతి, తాడు కట్టి 5 మీటర్ల చదరం గుర్తిస్తారు, అందులోని పైరు కోసి, నూర్చి, తాలు తీసి, గింజలు తూస్తారు. 25 చదరపు మీటర్ల తూకాన్ని 400తో గుణిస్తే హెక్టారుకు, దాదాపు 162తో గుణిస్తే ఎకరాకు దిగుబడి. కాటా మీద 100 గ్రాముల తేడా ఎకరాకు 16 కిలోల తేడాగా మారుతుంది.

లెక్క స్పష్టం కావడానికి ఊహించిన నాలుగు తూకాలు తీసుకుందాం: 12.4, 15.1, 10.8, 13.7 కిలోలు. సగటు సరిగ్గా 13 కిలోలు, అంటే ఎకరాకు దాదాపు 2,104 కిలోలు. సగటు నుంచి తేడాల వర్గాలను కూడి, నాలుగుతో కాక మూడుతో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం 1.84 కిలోలు వస్తుంది. మూడుతో ఎందుకంటే, సగటును కూడా ఆ నాలుగు తూకాల నుంచే రాబట్టాం కాబట్టి స్వతంత్రంగా మిగిలిన తేడాలు మూడే. దాన్ని నాలుగు వర్గమూలంతో, అంటే రెండుతో భాగిస్తే సగటు ప్రామాణిక దోషం 0.92 కిలోలు. పెద్ద నమూనాల అలవాటులో ఉన్నవారు దీన్ని 1.96తో గుణించి, నూటికి 95 పాళ్ల నమ్మకంతో ఎకరాకు 291 కిలోలు అటూ ఇటూ అంటారు. అక్కడే పొరపాటు. 1.96 అనేది చెదురు ఎంతో ముందే ఖాయంగా తెలిసినప్పటి గుణకం. మనకు తెలిసింది నాలుగు తూకాలు చెప్పిన చెదురు మాత్రమే. ఆ తెలియనితనాన్ని కలుపుకుంటే గుణకం 3.182 అవుతుంది, హద్దు ఎకరాకు 473 కిలోలకు పెరుగుతుంది. 40 కిలోల బస్తాల్లో చెబితే ఏడు బస్తాలు అనుకున్నది పన్నెండు బస్తాలు.

ఈ 3.182 వెనుక ఒక బీరు కంపెనీ ఉద్యోగి ఉన్నాడు. డబ్లిన్‌లోని గిన్నెస్ కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్‌కు బార్లీ మీదా, బీరు తయారీ మీదా జరిగే ప్రయోగాల్లో కొలతలు ఎప్పుడూ కొద్దిగానే దొరికేవి. కంపెనీ ఉద్యోగుల సొంత పేర్లతో పరిశోధనలు అచ్చు కానిచ్చేది కాదు కనుక 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన వ్యాసం వెలువడింది. గణితంతో వచ్చిన ఫలితాన్ని ఆయన చేత్తో పరీక్షించిన తీరు మన సందర్భానికి విచిత్రంగా సరిపోతుంది: 3,000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమ చేతి మధ్య వేలి పొడవు కొలతలను అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలుగా విడదీశారు. నమూనా పరిమాణం నాలుగే. అంత చిన్న నమూనాల్లో నమూనా సగటుకూ అసలు సగటుకూ ఉన్న తేడాను ఆ నమూనా తనదైన ప్రామాణిక దోషంతో భాగిస్తే వచ్చే సంఖ్యలు సాధారణ గంట వక్రం కంటే చాలా దూరం సాగుతాయని తేలింది. ఆర్. ఎ. ఫిషర్ తర్వాత దీనికి పూర్తి గణిత నిరూపణ ఇచ్చాడు. ఈ రోజు టి-విభజన అనే పేరుతో చలామణిలో ఉన్నది ఇదే. రెండే కొలతలుంటే దీని 95 శాతం గుణకం 12.706, మూడుంటే 4.303, నాలుగుంటే 3.182, అయిదుంటే 2.776, పదికి 2.262. మొదటి మూడు మెట్లలో వచ్చినంత లాభం ఆ తర్వాత రాదు.

టి గుణకం వాడేశాం కనుక సమస్య తీరిపోయిందనుకోవడమే ఈ విషయంలో అత్యంత సాధారణమైన అపోహ. ఆ గుణకం హద్దును తగినంత వెడల్పు చేస్తుందే తప్ప, ఆ వెడల్పు ఏ ఊళ్లో ఎంత రావాలో దాని చేతిలో లేదు. నాలుగు కొలతల నుంచి లెక్కించిన ప్రామాణిక విచలనంలోనే దాదాపు 42 శాతం అనిశ్చితి ఉంటుందని కొలతల అనిశ్చితిపై 1993లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శక గ్రంథం పట్టిక వేసి చూపింది. రెండు కొలతలకు అది 76 శాతం, పదికి 24, చివరికి యాభై కొలతలు చేసినా 10 శాతం. మన ఉదాహరణలో 1.84 కిలోలు అన్న విచలనం అసలు విలువ 1.04 నుంచి 6.84 కిలోల మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని 95 శాతం నమ్మకపు లెక్క చెబుతుంది. అంటే ఒకే స్వభావం గల రెండు పక్క ఊళ్లలో నాలుగేసి ప్లాట్లు కోస్తే, ఒక ఊరి దిగుబడి కచ్చితంగా తెలిసినట్టూ మరో ఊరిది ఏమీ తెలియనట్టూ కనిపించవచ్చు. నాలుగు తూకాలు యాదృచ్ఛికంగా దగ్గర దగ్గరగా పడిన ఊరికి లేని కచ్చితత్వం దక్కుతుంది.

ఇంకా తెలివైన సూత్రమేదైనా ఉంటే ఆ నాలుగు తూకాల నుంచే మరింత రాబట్టలేమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాడు తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసంలో, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక హద్దును మించి కచ్చితంగా ఉండలేదని చూపారు. ఆ హద్దును నిర్ణయించేది దత్తాంశంలో ఉన్న సమాచారం, సూత్రం కట్టినవాడి తెలివి కాదు. క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధమైన ఈ ఫలితాన్ని మన సమస్యకు అన్వయిస్తే తేలేది ఒకటే: నాలుగు తూకాలలో లేని సమాచారం ఆ నాలుగు తూకాల నుంచి రాదు. కావలసింది బయటి నుంచి తేవాలి. చిన్న నమూనాల అనిశ్చితి అంచనా అంటే ప్రధానంగా ఆ బయటి సమాచారాన్ని ఎక్కడి నుంచి, ఏ హక్కుతో తెస్తున్నామన్న వివేచనే అని ఈ వ్యాసం వాదన. సూత్రాల ఎంపిక దాని తర్వాతి మాట.

బయటి సమాచారం మనకు కరువేమీ కాదు. ఒకే మండలంలో, ఒకే పంటకు, ఒకే కాలంలో పది ఊళ్లలో నాలుగేసి ప్లాట్లు కోశారనుకుందాం. ఊరి సగటులు వేరువేరుగా ఉండవచ్చు. కానీ ఊరిలోపలి చెదురు అన్నిచోట్లా దాదాపు ఒకే తీరుగా ఉంటుందని భావిస్తే, ప్రతి ఊరూ మూడేసి స్వతంత్ర తేడాలు ఇస్తుంది, మొత్తం ముప్పై. ఈ ఉమ్మడి చెదురుతో లెక్క వేస్తే గుణకం 3.182 నుంచి 2.042కి దిగుతుంది. ఉమ్మడి విచలనం కూడా 1.84 కిలోలే వచ్చిందనుకుంటే హద్దు 473 కిలోల నుంచి దాదాపు 303 కిలోలకు తగ్గుతుంది. అదనంగా ఒక్క ప్లాటు కోయలేదు, ఒక్క గంట కూలి పెట్టలేదు. ఇదివరకే చేసిన తూకాలను విడివిడిగా పారేయకుండా కలిపి చదివాం, అంతే. గత సంవత్సరాల కోత ప్రయోగాల రికార్డులు కలిస్తే ఈ ఆధారం ఇంకా గట్టిపడుతుంది. ప్రయోగశాలల్లో అనుభవజ్ఞులు చేసే పని కూడా ఇదే: ఈ రోజు చేసిన మూడు పరీక్షల చెదురును నమ్మరు, అదే పరికరం మీద నెలల తరబడి చేసిన జంట పరీక్షల చెదురును నమ్ముతారు.

దీనికి గట్టి అభ్యంతరం ఉంది. ఊళ్లన్నీ ఒకేలా చెదురుతాయని ఎవరన్నారు? చెరువు నిండిన ఊళ్లో పొలాలన్నీ ఒకే తీరున పండుతాయి. చెరువు ఎండి బోర్ల మీద పడ్డ ఊళ్లో ఒక పొలం నిండుగా పండితే పక్క పొలం గొడ్ల మేతకు పోతుంది. కరువు ఏడాది చెదురును మంచి ఏడాది చెదురుతో కలిపితే కరువు ఏడాది అనిశ్చితిని తక్కువ చేసి చూపినట్టవుతుంది, అదీ బీమా ఎక్కువ అవసరమైన ఏడాదే. అభ్యంతరం సరైనదే. కానీ అది కలపడాన్ని కాదు, గుడ్డిగా కలపడాన్ని తప్పుపడుతోంది. నీటి వసతిని బట్టి, వానను బట్టి ఊళ్లను గుంపులు చేసి, గుంపు లోపల కలపవచ్చు. ఊరి సొంత చెదురుకు కొంత, గుంపు చెదురుకు కొంత బరువు ఇచ్చి మధ్యమార్గం తీసుకునే బేయీసియన్ పద్ధతులూ ఉన్నాయి. పైగా కలపకపోవడం అంటే ఏ ఊహా చేయకపోవడం కాదు. నాలుగు తూకాలతోనే తేల్చుకుంటాననేవాడు, చుట్టూ ఉన్న ఊళ్ల అనుభవం ఈ ఊరి గురించి ఏమీ చెప్పదని ఊహిస్తున్నాడు. రెండు ఊహల్లో ఇదే బలహీనం.

మరో అభ్యంతరం టి-విభజన మూలం మీదికే వస్తుంది: అది గంట వక్రాన్ని అనుసరించే కొలతలకు కట్టినది, పంట దిగుబడి అలా ఉండదు, తెగులు సోకిన మడి సున్నాకు దగ్గరగా పడిపోతుంది. నాలుగు తూకాలు చూసి ఆ వక్రం ఆకారం సరైనదో కాదో చెప్పగల పరీక్ష లేదు కనుక ఈ అనుమానాన్ని ఆ నమూనాలోనే తీర్చలేం. ఇలాంటప్పుడు ఏ ఆకారమూ ఊహించనక్కర్లేని పునర్నమూనా పద్ధతిని, బూట్‌స్ట్రాప్‌ను, కొందరు సూచిస్తారు. పెద్ద నమూనాలకు అది మంచి సాధనమే. నాలుగు వేర్వేరు తూకాల నుంచి మాత్రం తిరిగి తీయగల భిన్నమైన నమూనాలు 35 మాత్రమే. ఆ పద్ధతి లెక్కించే ప్రామాణిక దోషం మామూలు లెక్క కంటే సుమారు 13 శాతం తక్కువగా కూడా వస్తుంది. చూడని తెగులు మడిని అది ఊహించలేదు, ఎందుకంటే చూసిన నాలుగింటినే అటూ ఇటూ తిప్పుతుంది. ఆకారం గురించిన జ్ఞానం కూడా గత రికార్డుల నుంచే రావాలి. వాదన మళ్లీ అక్కడికే చేరుతుంది.

ఇంతవరకు మాట్లాడింది చెదురుగా కనిపించే దోషం గురించి. చెదురులో కనిపించకుండా తూకాలన్నింటినీ ఒకే వైపుకు నెట్టే దోషాన్ని నాలుగు ప్లాట్లు కాదు, నాలుగు వందల ప్లాట్లు కూడా బయటపెట్టలేవు. భారతదేశంలో పంటకోత నమూనాల చరిత్ర చాలావరకు ఈ దోషంతో జరిగిన పోరాటమే. 1920ల్లో బీహార్–ఒరిస్సాలో జె. ఎ. హబ్బాక్ అనే ఐసిఎస్ అధికారి చిన్న త్రికోణపు చట్రంతో వరి దిగుబడిని యాదృచ్ఛికంగా కొలిచాడు. తర్వాత ఒరిస్సా మొదటి గవర్నర్ అయింది ఆయనే. 1930ల చివర్లో మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేలతో ఈ పనిని విస్తరించారు. ప్లాటు చిన్నదైతే పని తేలిక, ఎక్కువ ప్లాట్లు కోయవచ్చు. కానీ చిన్న ప్లాట్లు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని పి. వి. సుఖాత్మే 1940ల్లో వాదించారు, దానిపై గణాంకవేత్తల మధ్య పెద్ద చర్చే నడిచింది. కారణం హద్దు మీది మొక్కలు: లోపలా బయటా అన్న అనుమానం వచ్చినప్పుడు చెయ్యి లోపలికే లాగుతుంది. లెక్క చూడండి. 5 మీటర్ల చదరంలో తాడు నాలుగు వైపులా 5 సెంటీమీటర్లు బయటికి జరిగితే వైశాల్యం 4 శాతం పెరుగుతుంది. 1 మీటరు చదరంలో అదే తప్పు 21 శాతం పెంచుతుంది. మన ఉదాహరణలో ఆ 4 శాతమే ఎకరాకు 84 కిలోలు. తేమ సంగతీ ఇంతే. 22 శాతం తేమతో తూచిన వడ్లు 14 శాతానికి ఆరితే బరువు 9 శాతానికి పైగా తగ్గుతుంది, ఆరబెట్టి తూచే సవరణ సరిగా చేయకపోతే నాలుగు తూకాలూ కలిసి పైకి పోతాయి, చెదురు మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటుంది.

1993 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం అనిశ్చితిని రెండు రకాలుగా విడదీయడంలో ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. పదేపదే కొలిచి చెదురు నుంచి లెక్కించేది ఎ రకం. పరికరం ధ్రువపత్రం, పాత రికార్డులు, వృత్తి అనుభవం నుంచి అంచనా వేసేది బి రకం. బి రకాన్ని అంచనాగా, ఎ రకాన్ని శాస్త్రంగా చూసే అలవాటు ఇంకా పోలేదు. నాలుగు కొలతల ఎ రకం లెక్కలో 42 శాతం అనిశ్చితి ఉన్నప్పుడు, పాతికేళ్ల రికార్డు చూసిన అధికారి వేసిన బి రకం అంచనా దానికంటే నాసి అనడానికి ఆధారం లేదు. ఆ గ్రంథం కూడా ఇదే మాట అంటుంది. ఏ భాగం పెద్దదో తెలిస్తే శ్రమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. 100 గ్రాముల మెట్లలో చదివే కాటా వల్ల వచ్చే ప్రామాణిక అనిశ్చితి 29 గ్రాములు. ప్లాట్ల మధ్య చెదురు వల్ల సగటులో వచ్చేది 917 గ్రాములు. ఎలక్ట్రానిక్ కాటాలు కొనడం మంచిదే, వాటివల్ల ఈ అనిశ్చితి తగ్గదు. 2008లో వచ్చిన అనుబంధ గ్రంథం మరో అడుగు వేసి, చెదురు గురించి ముందు ఏమీ తెలియదనుకుంటే నాలుగు కొలతల ప్రామాణిక అనిశ్చితిని మామూలు విలువకు 1.73 రెట్లు తీసుకోవాలంది. మూడు కొలతలకైతే ఆ సూత్రంలో విలువే ఉండదు. దీనిపై కొలతల శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఏమీ తెలియదని నటించడానికి చెల్లించే మూల్యం ఎంతో మాత్రం అది చక్కగా చూపింది.

ఆచరణలో ఉన్నవారు చివరికి చెప్పే అభ్యంతరం వేరు: ఒక ఏడాది ఎక్కువ వస్తుంది, ఒక ఏడాది తక్కువ వస్తుంది, పదేళ్లలో సర్దుకుపోతుంది, అనిశ్చితి రాసుకుని ఏం చేస్తాం? పరిహారం దిగుబడితో పాటు రెండు వైపులా సమానంగా కదిలితే ఈ మాట నిజమయ్యేది. అలా కదలదు. వాస్తవ దిగుబడి హామీ దిగుబడి కంటే తగ్గితేనే, తగ్గిన నిష్పత్తిలో, బీమా మొత్తం నుంచి చెల్లిస్తారు, ఎక్కువైతే సున్నా. హామీ దిగుబడి 2,200 కిలోలు, ఊరి నిజమైన దిగుబడి కూడా అంతే అనుకోండి. నష్టం లేదు, పరిహారం రాకూడదు. అయినా ఎకరాకు 149 కిలోల ప్రామాణిక దోషం వల్ల సగం ఏళ్లలో తక్కువ దిగుబడి కనిపిస్తుంది, సగటున 59 కిలోల లేని నష్టానికి, అంటే బీమా మొత్తంలో 2.7 శాతానికి, చెల్లింపు జరుగుతుంది. ఆ భారం ప్రీమియంలో చేరుతుంది. మరోవైపు నిజంగా నష్టపోయిన ఏడాది తూకాలు పొరపాటున పైకి పడితే రైతుకు రావలసింది రాదు, ఆ ఏటి అప్పు తర్వాతి ఏటి అదృష్టంతో తీరదు. హామీ దిగుబడిని గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సగటు నుంచి కడతారు కనుక, తూకాల్లోని చెదురు ఆ ఎంపిక ద్వారా హామీని కూడా కొంత పైకి నెడుతుంది. దోషాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయన్న నమ్మకం ఈ సూత్రంలో ఎక్కడా నిలవదు.

అయితే నాలుగుకు బదులు పదహారు కోయవచ్చు కదా? కోస్తే ప్రామాణిక దోషం సగానికి దిగుతుంది, టి గుణకం 2.131 అవుతుంది, 473 కిలోల హద్దు 160 కిలోల దరిదాపులకు వస్తుంది. కానీ ఒక మండలంలో వరి కోతలు కొద్ది వారాల్లో ముగిసిపోతాయి, యంత్రం పొలంలో దిగాక ప్లాటు కోసం ఆగదు, ఊరికి పదహారు చొప్పున కోయడానికి సిబ్బంది ఉండరు. హడావిడిలో కోసిన పదహారు ప్లాట్లలో తాడు సరిగా కట్టనివి ఎక్కువైతే చెదురు తగ్గి పక్షపాతం పెరుగుతుంది, సుఖాత్మే హెచ్చరించిన దిక్కులోనే. ఫసల్ బీమాలో 2023 వానాకాలం నుంచి వరి, గోధుమలకు ఉపగ్రహ ఆధారిత అంచనాలకు కనీసం 30 శాతం బరువు ఇస్తున్నారు. అది కూడా బయటి సమాచారమే, సరైన దిశలో వేసిన అడుగే. అయినా ఆ అంచనాలను సరిచూసుకునే కొలబద్ద ఇప్పటికీ పొలంలో కోసి తూచిన 25 చదరపు మీటర్లే. కనుక ప్రతి గ్రామ దిగుబడి ప్రకటనలో సగటు పక్కన నాలుగు తూకాలూ, మండల ఉమ్మడి చెదురూ, దాన్నుంచి లెక్కించిన హద్దూ అచ్చు వేయాలి. అందుకు కొత్త ప్రయోగం ఒక్కటీ అక్కర్లేదు, ఆ తూకాలన్నీ ఇప్పటికే నమోదవుతున్నవే.